అరువు తెచ్చిన సిస్టర్

కరిబెట్టులో ఎవరినైనా ఆపి బడి నడిపేది ఎవరని అడిగితే బెనిగ్నా టీచరు అంటారు. బడి ఎవరిదని అడిగితే మాత్రం సిస్టర్లది అంటారు. ఆ సిస్టర్లు సామాను సర్దుకుని వెళ్ళిపోయి ఏడాది కావస్తున్నా అదే మాట. ఈ రెండు జవాబుల మధ్య పడి నలిగిన మనిషి బెనిగ్నా రస్కిన్హా.

ఆమె పుట్టింది సెయింట్ ఉర్సుల కాన్వెంటు బడి గోడకి ఆనుకున్న పోకతోటలో. అక్షరాలు దిద్దింది ఆ బడిలోనే. పద్దెనిమిదో ఏట తానూ సిస్టర్ అవుతానని పెట్టె సర్దుకుని మంగళూరు మఠానికి వెళ్ళింది. వానల్లో వెళ్ళింది, క్రిస్మస్ పిండివంటల వేళకి పెట్టెతో సహా తిరిగొచ్చింది. ఎందుకు పంపేశారని ఊళ్ళో అడగనివాళ్ళు లేరు, ఆమె చెప్పిందీ లేదు. ఆ తర్వాత మస్కట్‌లో పనిచేసే పెళ్ళికొడుకొకడు చూడ్డానికొచ్చి తన వయసు చెబితే, మీరు ఇందాక చెప్పిన పుట్టిన ఏడాదికీ దీనికీ మూడేళ్ళు తేడా వస్తోందండీ అన్నదట. అతగాడు పళ్ళెంలో సన్నాలు, ఆ ఇడ్లీల్లాంటివి, సగంలోనే వదిలేసి లేచాడు. వదిన సెవరిన్ ఇప్పటికీ అంటుంది, మా ఆడపడుచుని దేవుడూ తిప్పి పంపాడు, మస్కట్టువాడూ తిప్పి పంపాడు, ఇక బడి ఒక్కటే మిగిలిందని.

బడి మాత్రం ఆమెని తిప్పి పంపలేదు. లెక్కల టీచరుగా చేరింది. ఆరేళ్ళకొక హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ వచ్చేది, పోయేది. వచ్చిన ప్రతి సిస్టరూ మొదటి ఉదయం ప్రార్థన చేసుకుని, రెండో మాటగా బెనిగ్నా ఎక్కడ అని అడిగేది. టైమ్ టేబుల్ బెనిగ్నా వేయాలి. పెంకులు జారితే మేస్త్రీతో బెనిగ్నా పోట్లాడాలి. బస్సు డ్రైవరు తాగొస్తే బెనిగ్నా వాసన చూడాలి. సంతకం మాత్రం సిస్టర్ది. గాడిద చాకిరీ అని మీరూ నేనూ అంటాం గానీ ఆమె అనేది కాదు. ఆమెకి అందులో కులాసా ఉండేది, అది నిజం.

అలా ఉండగా మఠంలోకి కొత్త పిల్లలు రావడం మానేశారు. ఉన్న సిస్టర్లకి మోకాళ్ళు పట్టేశాయి. ఒక మే నెలలో చివరి ముగ్గురూ కన్నీళ్ళు పెట్టుకుని బడి తాళాలు బిషప్‌గారికి అప్పగించారు. బిషప్‌గారు తన మేత్రాసనం, అంటే డయోసిస్, విద్యాబోర్డుకి ఇచ్చారు. బోర్డువారు చర్చి ఫాదర్ వలేరియన్ తావ్రోని కరస్పాండెంటుగా వేసి ఆయనకిచ్చారు. ఫాదర్ వలేరియన్ మెత్తని మనిషి, దేనికైనా కంగారు పడే మనిషి. ఆయన ఆ తాళాల గుత్తిని చూసి భయపడి, గుమ్మం దాటకుండానే బెనిగ్నా చేతిలో పెట్టేశాడు. గది బయట చెక్కపలక మీద ఆమె పేరు రాయించారు, కింద ‘తాత్కాలిక ప్రిన్సిపాల్’ అని. పెయింటరు మహానుభావుడు ‘తాత్కాలిక’ అన్నదాన్ని ఎర్రరంగుతో రాశాడు.

బోర్డువారికి ఒకటే బెంగ, సిస్టర్లు లేని బడి క్యాథలిక్ బడిలా కనిపించాలి కదా అని. ఫాదర్ వలేరియన్ ఆ మాట మనసులో పెట్టుకుని గేటుకి మరియమ్మ పైవస్త్రంలాంటి నీలం రంగు వేయించాడు. ఒకటో తరగతి, రెండో తరగతి అనడం మానేసి గదులకి పునీతుల పేర్లు పెట్టాడు. తీరా చూస్తే ఊళ్ళో క్యాథలిక్కులు చాలామంది పిల్లల్ని మంగళూరులో ఈతకొలను ఉన్న స్కూలుకి పంపిస్తున్నారు. ఇక్కడ మిగిలినవాళ్ళు శెట్టిల పిల్లలు, గౌడల పిల్లలు, బ్యారీ ముసల్మానుల పిల్లలు. గేటు రంగు చూసి వాళ్ళ తండ్రులు ఏ కొట్టులో కొన్నారు, ఎండకి వెలుస్తుందా అని అడిగారు తప్ప వేరే ప్రశ్న వేయలేదు.

అసలు పట్టుదలంతా వాళ్ళదే. ఒకనాడు గంట తాడు తెగి మధ్యాహ్నం ప్రార్థన జరగలేదు. మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు ఇద్దినబ్బ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేపల లారీలున్న మనిషి, ఇద్దరు కూతుళ్ళు బడిలో ఉన్నారు, మూడోది ఎల్‌కేజీకి రాబోతోంది.

"నా కూతురు నిన్న ప్రార్థన లేకుండానే అన్నం తిన్నదంట టీచరమ్మా. ఇట్లాగైతే క్రమశిక్షణ ఏం కావాలి?" అన్నాడు.

బెనిగ్నా తాడు సంగతి చెప్పింది. అతను తలూపి, అసలు విషయానికొచ్చాడు. "తాడు కాదమ్మా. తెల్లబట్ట లేదు. గేటు దగ్గర ఒక సిస్టర్ నిలబడితేనే మా ఆడవాళ్ళకి నమ్మకం. సిస్టర్ లేని కాన్వెంటూ, ఐసు లేని చేపల పెట్టే ఒక్కటే. పైకి బానే ఉంటుంది, సాయంత్రానికి తెలుస్తుంది."

కోపం రావలసిన మాటే. కానీ వేసవి అడ్మిషన్ల కాలం మొదలై వారమైనా ఎల్‌కేజీ గదిలో పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా పడలేదు. వచ్చిన తల్లులు వరండాలో అటూ ఇటూ చూసి, సిస్టర్ ఉన్నారా అని అడిగేవారు. నేనే ప్రిన్సిపాల్‌ని, చెప్పండి అంటే, ఫరవాలేదు మళ్ళీ వస్తాం అని వెళ్ళేవారు. కన్నీళ్ళు తెప్పించే మర్యాద అది.

ఆ వారంలోనే ఫాదర్ వలేరియన్ గోరుచుట్టు మీద రోకటిపోటులాంటి కబురు తెచ్చాడు. ఎల్‌కేజీ నిండకపోతే బోర్డువారు బడిని కేరళ నుంచి వచ్చే వేరే మఠంవాళ్ళకి అప్పగిస్తారట. వాళ్ళు తమ ప్రిన్సిపాల్‌ని తెచ్చుకుంటారు. నిండితే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తారు. ఇదంతా నేల చూస్తూ చెప్పి, నువ్వు లెక్కలు ఎలాగూ చెప్పుకోవచ్చు కదమ్మా అని ఊరడించబోయాడు. ఆయన వెళ్ళాక బెనిగ్నా తలుపేసుకుని చాలాసేపు కూర్చుంది. ఆ కుర్చీ ఆమెకి కావాలి. ఎంతో కావాలి. ముప్పై ఏళ్ళుగా వేరేవాళ్ళ సంతకం కింద తన పని చేసింది, ఒక్కసారి తన పని కింద తన సంతకం ఉండాలనుకుంది. అందులో తప్పేముంది?

ఆలోచించి ఆలోచించి, ఆదివారం పూజ అయ్యాక బస్సెక్కి మంగళూరులో ముసలి సిస్టర్లుండే ఇంటికి వెళ్ళింది. అక్కడ సిస్టర్ క్లోటిల్డా ఉంది. వయసులో ఉన్నప్పుడు కరిబెట్టులో పాఠాలు చెప్పి సగం ఊరి అరచేతులు వాయగొట్టిన మనిషి. ఆ తర్వాత మఠంలో కొత్త పిల్లలకి పెద్దగా ఉండి, బెనిగ్నాని పెట్టెతో సహా ఇంటికి పంపిందీ ఆవిడే. ఇప్పుడు ఎనభై దాటింది. ఒళ్ళంతా చాదస్తం, చెవులు మాత్రం పాము చెవులు.

బెనిగ్నా తడుముకుంటూ విషయం చెప్పింది. పని ఏమీ ఉండదు సిస్టర్, అడ్మిషన్లయ్యేదాకా వరండాలో కూర్చుంటే చాలు అంది.

"కూర్చోవడానికి పెడతావా ఏమైనా? ఇక్కడ మూడు పూటలా గంజి, దాంట్లోకి మామిడికాయ ముక్క. చేప మొహం చూసి ఎన్నాళ్ళయిందో" అంది క్లోటిల్డా.

రోజూ చేప పెడతానంది బెనిగ్నా. ఆ ఇంటి పెద్ద సిస్టర్‌ని అనుమతి అడిగితే ఆవిడ బతిమాలించుకోకుండానే, తీసుకెళ్ళమ్మా, నిదానంగా పంపించు, తొందరేం లేదు అంది. ఆ ఇంట్లో అందరి మొహాలూ ఒక్కసారిగా వెలిగాయి.

మర్నాటి నుంచి బడి వరండాలో పేముకుర్చీ, అందులో తెల్లని అంగీలో సిస్టర్ క్లోటిల్డా, చేతిలో జపమాల. సాయంత్రానికల్లా సంగతి చేపల మార్కెట్టు దాటి రేవుదాకా పాకింది. తల్లులు పిల్లల్ని స్నానం చేయించి, పౌడరు రాసి, వరసగా తీసుకొచ్చారు. క్లోటిల్డా ఒక్కొక్కరినీ పిలిచి చుబుకం పట్టుకుని, నువ్వు ఫలానా సంజీవ శెట్టి మనవరాలివి కదూ, మీ తాతకి ఎక్కాలు రాక నా దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నాడో అడుగు అనేది. తిట్లు తిన్నవాళ్ళంతా దీవెన అందుకున్నట్టు కళ్ళు తుడుచుకునేవారు. మధ్యాహ్నం చేప తిన్నాక ఆవిడకి నిద్ర పట్టేది. తల వాలిపోయి, జపమాల వేళ్ళ మధ్య వేలాడుతుంటే, తల్లులు చెప్పులు విప్పి మునివేళ్ళ మీద నడిచేవారు, సిస్టర్ ధ్యానంలో ఉన్నారని. ధ్యానంలో ఆవిడ గురక పెట్టడం వాళ్ళకి మరింత భక్తి కలిగించింది.

నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు. ఒక తల్లికి మీవాడు క్రిస్మస్‌కల్లా ఇంగ్లిష్‌లో కలలు కంటాడని మాటిచ్చింది. ఇంకొకావిడకి బడిలో బ్యాండు ఉందని చెప్పింది. లేని బ్యాండుకి డ్రమ్ములు వెతకడం బెనిగ్నా వంతయింది. ఇద్దినబ్బ తన చిన్నకూతుర్ని తెచ్చినప్పుడైతే, మీ నాన్న బడి ఎగ్గొట్టి రేవులో పడవలెక్కేవాడు, నువ్వూ అదే రకంలా ఉన్నావు అంది. అతను పొంగిపోయి మర్నాడు పెద్ద పెద్ద కానాగంతలు బుట్టెడు పంపాడు. సిస్టర్ వాటిని చూసి, దేవుడు ఉన్నాడే బెనిగ్నా అంది.

ఎల్‌కేజీ గది నిండింది. నిండి, పొర్లి, రెండో గది తెరవాల్సి వచ్చింది. బెనిగ్నా వరండాకి వెనకాల గదిలో కూర్చుని పేర్లు రాస్తూ, టీచర్లని సర్దుతూ, బెంచీలు పురమాయిస్తూ, ఎన్నో ఏళ్ళ తర్వాత పాట కూనిరాగం తీసింది.

పాట ఎంతోసేపు నిలవలేదు. బోర్డు సమావేశానికి వెళ్ళొచ్చిన ఫాదర్ వలేరియన్ ఆనందంతో ఊగిపోతూ వచ్చి చెప్పాడు. "చూశావా బెనిగ్నా, జనానికి సిస్టర్లే కావాలి. ఋజువైపోయింది. బోర్డువాళ్ళకి అదే చెప్పాను. కేరళ మఠం మదర్ శుక్రవారం వస్తున్నారు, మాట్లాడి ఖాయం చేసుకుందాం." ఎల్‌కేజీ నిండితే తన ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు కదా అని ఆమె అడిగింది. ఆయన ఇబ్బందిగా నవ్వి, నిండింది సరే, ఎవరివల్ల నిండింది చెప్పు అన్నాడు.

కొరివితో తల గోక్కోవడమంటే అదే. సిస్టర్ లేకపోయినా బడి నడుస్తుందని చూపించాల్సిన మనిషి, సిస్టర్ లేకపోతే నడవదని చేజేతులా చూపించింది. ఆ మధ్యాహ్నం క్లోటిల్డాకి చేప వడ్డిస్తూ గిన్నె ఠపీమని పెట్టింది.

"ఒకసారి మఠంలోంచి పంపారు. ఇప్పుడు బడిలోంచి పంపుతున్నారు. నేనేం పాపం చేశాను సిస్టర్ మీకు?" అంది. "ముప్పై అయిదేళ్ళ నుంచీ అనుకుంటున్నాను, దేవుడికి నేను అక్కర్లేదేమో అని."

క్లోటిల్డా చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"దేవుడు నాతో ఏమీ చెప్పలేదే. నువ్వొచ్చిన వారానికే వంటగదికి టైమ్ టేబుల్ రాసి గోడకి అంటించావు. రెండో వారం గుడి ఊడ్చే వంతులు మార్చావు. నెల తిరిగేసరికి పిల్లలంతా నన్ను మానేసి నిన్నడగడం మొదలెట్టారు. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దలు ఇమడరు. ఎవరో ఒకరు వెళ్ళాలి. నేను వెళ్ళేదాన్నా?"

బెనిగ్నా అన్నేళ్ళు రాత్రి ప్రార్థనలో తన తప్పేమిటో చూపించమని దేవుణ్ణి అడుగుతూ వచ్చింది. పాపం, ఆయనకి మాత్రం ఏం తెలుసు? ఏడవాలో, గిన్నె నెత్తిన బోర్లించాలో తెలియక చివరికి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. క్లోటిల్డా ఇంకో ముక్క వడ్డించమని పళ్ళెం ముందుకి జరిపింది.

శుక్రవారం కేరళ మఠం మదర్ రోసిలి దిగింది. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. వెంట ఒక చిన్న సిస్టర్, పేరు జిన్సి, నిండా పాతికేళ్ళు లేవు. బడి కమిటీ వాళ్ళంతా హాల్లో చేరారు. ఫాదర్ వలేరియన్ ప్రార్థన చేశాడు, బోర్డు తరఫున స్వాగతం చెప్పాడు, క్యాథలిక్ విలువల గురించి ఎంతసేపు మాట్లాడాడంటే కట్‌లెట్లు చల్లారిపోయాయి. మదర్ కళ్ళు మూసుకుని విన్నది. అయ్యాక కళ్ళు తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టింది.

వానాకాలం ఏ గది కారుతుంది? ఫాదర్ బెనిగ్నా వైపు చూశాడు. పునీత లూసీ గది, పడమటి మూల అంది బెనిగ్నా. టీచర్లలో వచ్చే ఏడాది ఎవరు రిటైరవుతారు? ఫాదర్ మళ్ళీ చూశాడు, ఆమె చెప్పింది. క్యాథలిక్ పిల్లలకి మత పాఠం పెట్టినప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తారు? నీతి పాఠం, అదీ ఆమే చెబుతుంది, ఒకే గంటకి రెండు గదులూ తనే చూసుకుంటుంది. చూసుకుంటుందంటే ఎలా అని మదర్ అడిగితే, మధ్య తలుపు తీసి అక్కడ నిలబడతాను మదర్, మంచి అబద్ధం అనేది ఏ మతంలోనూ లేదు కాబట్టి పాఠంలో పెద్దగా తేడా రాదు అంది. మదర్ మొదటిసారి నవ్వింది.

పేముకుర్చీలో ఉన్న క్లోటిల్డా, ఇద్దినబ్బ, కమిటీలో మిగతావాళ్ళు, అందరూ ప్రతి ప్రశ్నకీ మెడలు తిప్పి బెనిగ్నానే చూస్తున్నారు. ఆ సంగతి ఫాదర్ ఒక్కడికే తట్టలేదు. ఇప్పుడిక బడిని మీ చేతుల్లో పెడుతున్నాం మదర్, మీ ప్రిన్సిపాల్ ఎప్పుడు వస్తారు అని అడిగాడు.

మదర్ రోసిలి టీ కప్పు కింద పెట్టింది. "ఫాదర్, మా ఇంట్లోకి పోయిన ఏడు వచ్చింది ఇద్దరు పిల్లలు. ఒకర్తి ఓణంకి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు. రెండోది ఇదిగో. దీన్ని ఇస్తాను. ఎల్‌కేజీకి పాఠం చెబుతుంది, గేటు దగ్గర నిలబడుతుంది. బట్ట కావాలన్నారు, బట్ట ఉంది. ప్రిన్సిపాల్ మాత్రం మా దగ్గర లేరు. మీ దగ్గరే ఉన్నారు కదా, ఇంకొకరెందుకు?"

ఫాదర్ వలేరియన్ కంగారుపడి, ఓ, బెనిగ్నా ఎలాగూ ఉంటుంది లెండి, ఆమె ఎక్కడికి పోతుంది, ఇప్పటిలాగే చూసుకుంటుంది అన్నాడు.

ఇక్కడే బెనిగ్నా జీవితమంతా చేయని పని చేసింది. లేచి నిలబడింది. టేబులు అంచు పట్టుకుంది.

"ఇప్పటిలాగే అంటే ఉండను ఫాదర్. తాత్కాలికం అని రాసి ఉన్నంతకాలం నేను రేపటి నుంచి రాను. బడి బాగుండాలని నాకు లేక కాదు. నా పేరుతో నన్ను పిలవమంటున్నాను, అంతే."

ఆయనకి చెమట పట్టింది. బోర్డుని అడగాలి, బోర్డు బిషప్‌గారిని అడగాలి, అది ఈ పూటతో తేలేది కాదు అన్నాడు. ఇద్దినబ్బ గొంతు సవరించుకున్నాడు. "అడగండి ఫాదర్. ఆమె రాకపోతే నా ముగ్గురు పిల్లలూ రారు. రేవు నుంచి నా లారీలెక్కి బడికొచ్చే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు." మదర్ రోసిలి ఇంకో కప్పు టీ పోయమంది. మీరు ఫోను చేసుకోండి ఫాదర్, నాకు బండి సాయంత్రానికి గానీ లేదు అంది. సిస్టర్ క్లోటిల్డా జపమాల తిప్పుతూ ఉంది. ఈసారి నిజంగానే తిప్పుతోంది.

ఫాదర్ వలేరియన్ వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. లోపలికి మాటలు వినిపించడం లేదు, ఆయన తల ఊపడం మాత్రం కిటికీలోంచి కనబడుతోంది. బెనిగ్నా కూర్చోలేదు. ఎవరో మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయింది. ఊరంతా ఎరిగిన ధైర్యస్థురాలు ఆ కాసేపట్లో పరీక్షా ఫలితాల ముందు నిలబడ్డ పిల్లలా అయిపోయింది.

ఆయన తిరిగొచ్చి, బిషప్‌గారు బోర్డు ఆఫీసులోనే ఉన్నారట, ఇన్నాళ్ళూ ఆమెని ఖాయం చేయలేదా అని నన్నే తిట్టారు అన్నాడు. నిజాయితీగల మనిషి, తిట్లు కూడా దాచుకోలేదు.

అప్పుడు మదర్ రోసిలి పక్కనున్న జిన్సి భుజం తట్టి, వెళ్ళు, నీ పని ఏమిటో కనుక్కో అంది. ఆ పిల్ల తెల్లని అంగీ సర్దుకుని లేచి, హాలు మధ్య నుంచి నడిచి, చేతులు కట్టుకుని బెనిగ్నా ఎదుట నిలబడింది.

"ప్రిన్సిపాల్ టీచర్, నేను ఏం చేయాలో చెప్పండి."

ఊళ్ళో అందరికీ పనులు పురమాయించిన మనిషికి, ఒక సిస్టర్ వచ్చి అడిగితే ఒక్క పనీ గుర్తు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఎదుటి పిల్ల మొహం మసకబారింది. అంతా ఆమెనే చూస్తున్నారు. ఆమె గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ముందు కట్‌లెట్ తిను. పొద్దున ఎప్పుడో బయల్దేరి ఉంటావు. ఏడున్నరకి గేటు తీస్తాం, రేపు నాతోపాటు వద్దువుగాని" అంది.